మొదటి ఎర్రర్ దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి రవళికి,

పెదనాన్న ఆశీస్సులు.

బిల్డ్ మధ్యలో ఆగిపోయిందని నువ్వు పంపిన స్క్రీన్ ఫొటో చూశానమ్మా. జెంటూ లినక్స్ వేసుకుని ప్యాకేజీలు సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేసుకుంటున్నావంటే ఎంత సంతోషమో. కాకపోతే ఫొటోలో పడినవి చివరి పది లైన్లే. బిల్డ్ నడిపించే ప్రోగ్రాం పేరు మేక్; అది చెప్పే "మేక్: ఎర్రర్ 1" అంటే బిల్డ్ ఆగిందని మాత్రమే, ఎందుకు ఆగిందో పైనెక్కడో ఉంటుంది. మేక్‌ఆప్ట్స్ సెట్టింగ్‌లో జే8 పెట్టావు కదా, ఎనిమిది ఫైళ్లు ఒకేసారి కంపైల్ అవుతుంటాయి. ఒకటి పడిపోయినా మిగతావి తమ మెసేజ్‌లు గుమ్మరించాకే మేక్ ఆగుతుంది. అసలు ఎర్రర్ పైకి జరిగిపోతుంది. వార్, టీఎంపీ, పోర్టేజ్ (జెంటూ ప్యాకేజీ మేనేజర్ పేరు) ఫోల్డర్ల కింద ఆ ప్యాకేజీ ఫోల్డర్‌లో టెంప్ అని ఒకటి ఉంటుంది. అందులో బిల్డ్ లాగ్ తెరిచి, "ఎర్రర్" పక్కన కోలన్ పెట్టి పైనుంచి వెతుకు. మొదట తగిలినదాన్నే పట్టుకో.

అదే ప్యాకేజీని ఇక్కడ నేనూ బిల్డ్ చేసి చూశాను. మొదటి ఎర్రర్, 'గెట్‌ఎన్వ్' ఫంక్షన్‌కి ఇంప్లిసిట్ డిక్లరేషన్ అని, అంటే దాన్ని ముందు ప్రకటించకుండానే వాడారని. దాని కిందే రెండోది, కాస్ట్ (టైప్ మార్చమని రాసే గుర్తు) లేకుండా ఇంటీజర్ (పూర్ణసంఖ్య) నుంచి పాయింటర్ (మెమరీ అడ్రస్) చేస్తున్నావని. కింది నుంచి చదివేవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. రెండోదానికి ఒక కాస్ట్ రాసేసి, మొదటిదాని నోరు ఏదో కంపైలర్ ఫ్లాగ్‌తో మూయిస్తారు. బిల్డ్ అయిపోతుంది, ప్రోగ్రాం మాత్రం నడిపినప్పుడు కూలుతుంది. గెట్‌ఎన్వ్ ఏం తిరిగిస్తుందో చెప్పే హెడర్ ఫైల్ లేకపోతే కంపైలర్ దాన్ని ఇంట్ (ఇంటీజర్) అనుకుంటుంది తల్లీ. ఇంట్ 32 బిట్లు, మన మెషీన్లలో పాయింటర్ 64 బిట్లు. అడ్రస్‌లో పై సగం తెగిపోతుంది. మందు ఒక్క లైనే: ఆ సీ ఫైల్ పైన ఎస్‌టీడీలిబ్ హెడర్‌ని ఇన్‌క్లూడ్ చెయ్యి. రెండు ఎర్రర్లూ కలిసే పోతాయి.

"ఇన్నాళ్లూ బాగానే అయింది కదా" అన్నావు. హెడర్ లేకున్నా ఇంట్ అనుకునే ఈ వెసులుబాటును సీ స్టాండర్డ్ 1999లోనే తీసేసింది. మన కంపైలర్ జీసీసీ చాలా ఏళ్లు చూసీ చూడనట్టు ఊరుకుని, 2024లో 14వ వెర్షన్‌తో ఎర్రర్ చేసింది. మంచి పని చేసిందనే అంటాను. 2025లో వచ్చిన 15వ వెర్షన్ కొత్త సీ స్టాండర్డ్ అయిన సీ23ని డిఫాల్ట్ చేసింది. పాత కోడ్ సొంతంగా 'బూల్' అని టైప్ పెట్టుకుని ఉంటే అక్కడా ఆగుతుంది.

ఇంకొకటి, ఇది నన్ను రెండు రోజులు తిప్పింది. బిల్డ్‌కి ముందు నడిచే కాన్ఫిగర్ స్క్రిప్ట్ చిన్న చిన్న టెస్ట్ ప్రోగ్రాంలు కంపైల్ చేసి, సిస్టమ్‌లో ఏమున్నాయో తేల్చుకుంటుంది. ఆ టెస్ట్‌లోనే హెడర్ లేకపోతే, ఉన్న ఫంక్షన్‌ని లేదనుకుంటుంది. బిల్డ్ మొత్తం పచ్చగా ముగుస్తుంది, ఒక ఫీచర్ మాత్రం చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. అనుమానం వస్తే కాన్ఫిగ్ లాగ్ చూడు.

లాగ్‌లో "కిల్డ్" అని, పక్కన సీసీ1ప్లస్ (జీసీసీలో సీ++ కంపైల్ చేసే భాగం) అని కనిపిస్తే కోడ్‌ని తిట్టుకోకు, మెమరీ చాలలేదు. ఒక్కో జాబ్‌కి 2 జీబీ లెక్కేసుకో. నీ ల్యాప్‌టాప్‌కి 8 జీబీ కాబట్టి జే4 చాలు. జే1తో అయి జే8తో ఆగితే మాత్రం, మేక్‌ఫైల్‌లో ఏదో డిపెండెన్సీ రాయడం మరిచారన్నమాట.

సవరణని టీఎంపీ కింద ఉన్న కాపీలోనే చేసి వదిలేయకు, మళ్లీ ఎమర్జ్ (ప్యాకేజీని బిల్డ్ చేసి పెట్టే కమాండ్) చేస్తే పోతుంది. చేసిన మార్పులు చూపే డిఫ్ ఫైల్ (అదే ప్యాచ్) తీసి, ఈటీసీలో పోర్టేజ్ కింద ప్యాచెస్ అనే ఫోల్డర్‌లో, కేటగిరీ, ప్యాకేజీ పేర్లతో సబ్‌ఫోల్డర్లు పెట్టి అందులో ఉంచు. పోర్టేజ్ ప్రతిసారీ తనే అతికిస్తుంది. ఆ ప్యాచ్‌నే ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకీ పంపు; ఇదే ఎర్రర్ దగ్గర ఇంకెందరు ఆగిపోయి ఉన్నారో.

ఇంకా తేలకపోతే లాగ్ ఫైల్ మొత్తం, ఎమర్జ్ ఇన్ఫో అవుట్‌పుట్‌తో కలిపి పంపమ్మా. ఫొటో వద్దు. పదింటిదాకా మేలుకునే ఉంటాను.

పెదనాన్న