పక్కవాళ్లు పాడుతుండగా ఊపిరి తీసుకోవడం

యూరప్ పాత సంగీతానికీ, ఊపిరికీ, కష్టకాలానికీ సంబంధం ఉందంటారు, ఎవరికైనా అనుభవం ఉందా అని అడిగారు. నాకు ఉంది.

జర్మనీలో డ్రెస్డెన్‌లో ఉద్యోగం. 2018లో తోటి ఉద్యోగి పిలిస్తే ఒక చిన్న బృందగానంలో చేరాను. సంగీతమంటే అప్పటికి నాకు తెలిసింది చిన్నప్పటి సరళీ స్వరాలు, నాలుగు గీతాలే. అక్కడ మొదటి నెలంతా ఊపిరే నేర్పారు. కింది పక్కటెముకల మీద చేతులు పెట్టుకుని 'స్‌స్' అంటూ మెల్లగా గాలి వదలాలి. నాకు పన్నెండు లెక్కపెట్టేసరికి అయిపోయేది. పక్కనున్న పెద్దావిడకి ముప్పై దాటేది.

మేం ఎక్కువగా పాడింది హైన్‌రిష్ షుట్స్ రచనలు. ఆయన ఈ ఊరి ఆస్థాన సంగీతకారుడే. 1618 నుంచి 1648 దాకా సాగిన యుద్ధంలో జీతాలు ఆగిపోయి, గాయకులు చెదిరిపోయారు. అంతకుముందు పెద్ద పెద్ద బృందాలకు రాసిన మనిషి 1636లో, 1639లో ఒకటి నుంచి ఐదు గొంతులకు సరిపోయే చిన్న పాటలు అచ్చు వేయించాడు. అలాంటి పాటలో దాక్కోవడానికి చోటుండదు. గాయకుడు గాలి పీల్చడం కూడా వినిపిస్తుంది.

ఎక్కువమంది కలిసి పాడే పాటల్లో ఇంకో పద్ధతి. 'ఊపిరి కావాలంటే మధ్యలో ఆగి తీసుకో, పక్కవాళ్లు తీసుకునేటప్పుడు మాత్రం వద్దు' అనేవారు మా మాస్టారు. అందరూ వేరువేరు చోట్ల ఆగుతారు కాబట్టి పాట తెగదు.

2020లో అన్నీ ఆగిపోయాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో మార్చి 10న రిహార్సల్‌కి వచ్చిన 61 మంది గాయకుల్లో 53 మందికి కోవిడ్ లక్షణాలు వచ్చాయి, ఇద్దరు చనిపోయారు. పాటని మోసే గాలే జబ్బునీ మోసింది. అది చదివాక చాలా రోజులు నోరు తెరిచి పాడలేకపోయాను. 1576లో మిలాన్‌లో ప్లేగు వచ్చినప్పుడు ఆర్చ్‌బిషప్ కార్లో బొర్రోమియో చెప్పిన ప్రకారం జనం ఇళ్ల గుమ్మాల్లో, కిటికీల దగ్గర నిలబడి ప్రార్థనలు పాడారని మాస్టారు జూమ్‌లో చెప్పారు.

2021 మేలో విజయవాడలో నాన్నకు కోవిడ్. ఆక్సిజన్ 88. రెండు రోజులు బెడ్ దొరకలేదు. తమ్ముడు గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషిన్ (కాన్సంట్రేటర్) అద్దెకు తెచ్చాడు. నాన్న టెన్షన్‌తో గబగబా పీల్చేస్తున్నారు. వీడియో కాల్‌లో నేను 'స్‌స్' అని మెల్లగా వదులుతుంటే, కాసేపటికి ఆయనా నాతోపాటు వదిలారు. మూడో రోజు బెడ్ దొరికింది. ఆయన్ని బతికించింది ఆక్సిజన్, డాక్టర్లు, నర్సులే, అందులో సందేహం లేదు. ఊపిరి మెల్లగా వదలడం వల్ల తగ్గింది భయం. లాటిన్ జపమాల ప్రార్థన చదివినా, మంత్రం జపించినా శ్వాస నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా నెమ్మదిస్తుందని 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది.

ఆ రెండు రాత్రులూ వంతులు వేసుకున్నాం. రెండింటిదాకా తమ్ముడు, తర్వాత నేను. అక్కడ రెండంటే ఇక్కడ రాత్రి పదిన్నర. ఫోన్ తలగడకి ఆనించి పెట్టి, వాడు అక్కడే కింద చాప మీద పడుకునేవాడు. ఆక్సిజన్ అంకె 90 కిందికి దిగితే నేను గట్టిగా పిలవాలి. వాడి గురక, మెషిన్ చప్పుడు, నాన్న ఊపిరి మూడూ వినిపించేవి.

మీరు వినాలనుకుంటే ఆ 1636 నాటి పాటలతో మొదలుపెట్టండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. కోలుకున్నాక నాన్నకీ ఒకటి పంపాను. భాష అర్థం కాలేదు గానీ, "గాలి పీల్చుకోవడం వినిపిస్తోందిరా" అన్నారు.