కొత్త నంబర్ తీసుకోండి, పాత సిమ్ మాత్రం చావనివ్వకండి

"అన్నా, ఆగస్టులో ఎమ్మెస్‌కి డాలస్ వస్తున్నా. అక్కడి నంబర్ తీసుకుంటే నా వాట్సాప్ పోతుందా? దారిలో అమ్మకి మెసేజ్ పెట్టాలంటే ఎలా?"

పోదు తమ్ముడూ. వాట్సాప్‌కి నీ నంబర్‌తో పని పడేది ముఖ్యంగా ఖాతా తెరిచినప్పుడు, ఫోన్ మార్చినప్పుడు. మిగతా రోజుల్లో నెట్ ఉంటే చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై ఆన్ చేసినా మెసేజ్‌లు వెళ్తాయి. ఇక్కడి సిమ్ వేశాక నంబర్ మార్చమంటావా అని అడిగితే వద్దను. పాత నంబర్ మీదే నడవనీ. బాబాయిలూ పెదనాన్నలూ ఉన్న ఫ్యామిలీ గ్రూపు ఎక్కడికీ పోదు (పోతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుందిలే).

అసలు గొడవంతా ఓటీపీలతో. బ్యాంకు పంపే ఓటీపీ ఎస్సెమ్మెస్. అది నెట్ మీద కాదు, మామూలుగా సిమ్ సిగ్నల్ మీద వస్తుంది. ఇండియా సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ లేకపోతే గదిలో ఎంత వైఫై ఉన్నా రాదు. నేను వచ్చిన కొత్తలో హైదరాబాద్ సిమ్‌ని తీసి సొరుగులో పడేశాను. రీచార్జ్ సంగతే మర్చిపోయా. కొన్నాళ్లకి ఫోన్ మారిస్తే వాట్సాప్ కోడ్ ఆ నంబర్‌కే పంపింది. ఎవరికి వెళ్లిందో ఈ రోజుకీ తెలీదు. బ్యాంకులో నంబర్ మార్పించుకోడానికి సెలవులో ఇంటికెళ్లినప్పుడు సగం రోజు లైన్లో నిలబడ్డా.

కాబట్టి శంషాబాద్ వెళ్లేలోపే రోమింగ్ ఆన్ చేయించుకో. పెద్ద ప్యాక్ అక్కర్లేదు, వచ్చే ఎస్సెమ్మెస్‌లకి మామూలుగా డబ్బు పడదు. ఆ సిమ్ మీద డేటా రోమింగ్ మాత్రం ఆఫ్ చెయ్యి. వచ్చే కాల్ ఎత్తినా డబ్బు పోతుంది, అందుకే నాన్నగారికి ముందే చెప్పు, వాట్సాప్‌లోనే చెయ్యమని. 90 రోజులు ఏ వాడకమూ లేక, బ్యాలెన్సూ లేకపోతే నంబర్ రద్దయ్యే ప్రమాదం ఉంది. రీచార్జ్ బాధ్యత తమ్ముడికో చెల్లికో అప్పగించు. పైగా 2025 నవంబర్ చివర్లో మన టెలికాం శాఖ, రిజిస్టర్ చేసిన సిమ్ ఫోన్‌లో ఉంటేనే వాట్సాప్ లాంటి యాప్‌లు పనిచేయాలని కంపెనీలకి ఆదేశాలిచ్చింది. సొరుగులో పెట్టే అలవాటు అసలే వద్దు.

ఇంకో తిరకాసు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14 మోడల్ నుంచి, అంటే 2022 నుంచి, సిమ్ పెట్టే స్లాటే లేదు. ఇక్కడికొచ్చి కొత్త ఐఫోన్ కొందామనుకుంటే నీ ఇండియా సిమ్‌ని అక్కడే ఈసిమ్‌గా (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) మార్పించుకుని రా. ఇక్కడినుంచి ఆ పని చేయాలంటే మళ్లీ అదే ఓటీపీల గొడవ. ఐఫోన్‌లో ఐమెసేజ్ (ఆపిల్ వాళ్ల సొంత మెసేజ్ సర్వీసు) ఆన్ చేసినప్పుడు అది తనంతట తానే ఒక ఇంటర్నేషనల్ ఎస్సెమ్మెస్ పంపుతుంది. ఇండియా సిమ్ మీద వెళ్తే బ్యాలెన్స్ కోస్తారు. దాన్ని ఇక్కడి నంబర్‌కే కట్టిపెట్టు.

దారి సంగతి. దుబాయ్ మీదుగా వస్తే అక్కడ వాట్సాప్ కాల్ కలవదు. యూఏఈలో ఆ కాల్స్‌కి అనుమతి లేదు. మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి. మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ అక్కడ పదిసార్లు కాల్ చేసి, కలవక, నాకేదో అయిందని కూర్చుని ఏడ్చింది. రెండోసారి వచ్చేటప్పుడు మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడటం నేర్పా. అదే ఎయిర్‌పోర్టు నుంచి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చింది, అందులో మూడు నిమిషాలు పక్కసీటు ఆవిడ కోడలి గురించి.