కొడుకును లారీ ఓనర్ని చేయాలా, పికప్ నడుపుకోనివ్వాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా అబ్బాయికి 22 ఏళ్లు. ఆటోమొబైల్ డిప్లొమాలో 2 సబ్జెక్టులు మిగిలిపోయాయి. ఏడాదిన్నరగా ఊళ్లో ఒకాయన బొలెరో పికప్ నడుపుతున్నాడు. ఇప్పుడు సొంతంగా పికప్ కొనుక్కుంటానని పట్టుబడుతున్నాడు. నాకు ఇష్టం లేదు. కొనేదేదో సిమెంటు లోడింగుకు పది టైర్ల లారీయే కొని, డ్రైవర్ను పెట్టి, వాణ్ని ఓనర్‌గా ఉంచుదామనుకుంటున్నాను. నెలకు లక్ష మిగులుతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఎకరం అమ్మితే డౌన్ పేమెంట్ వస్తుంది. ఈ రెండింట్లో ఏది మంచిది? చదివిన చదువు వృథా అయినట్టేనా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. బండి పేరు మారుతుంది, ఊరు మారుతుంది, అడిగేది మాత్రం ఒకటే. ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. మీ అబ్బాయి దారి తప్పలేదు. 22 ఏళ్లకు ఏడాదిన్నరగా ఒకే పనిలో నిలబడ్డాడు. ఊళ్లో ఒకాయన తన బండి తాళాలు నమ్మకంగా అతని చేతిలో పెట్టాడు. పైగా ఫలానా బండి కావాలని, దాన్ని తానే నడుపుకుంటానని స్పష్టంగా చెబుతున్నాడు. డిగ్రీ పట్టా చేతిలో ఉండి కూడా ఏం చేయాలో తేల్చుకోలేని పిల్లల తల్లిదండ్రులతో నేను రోజూ మాట్లాడుతుంటాను. వాళ్లతో పోలిస్తే మీ ఇంట్లో ఉన్నది మంచి సమస్య.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. ‘డ్రైవర్ను పెట్టి, వాణ్ని ఓనర్‌గా ఉంచుదామని’ అన్నారు. మీ అసలు బాధ అదే అనిపిస్తోంది. కొడుకు డ్రైవర్ అయ్యాడని నలుగురూ అంటారని, పెళ్లి సంబంధాలు రావని మీ భయం. పికప్‌లో అయితే వాడే స్టీరింగు పట్టుకోవాలి. లారీ అయితే వేరేవాళ్లు పట్టుకుంటారు, మనవాడు ఓనర్ అనిపించుకుంటాడు. ఆ ఒక్క మాట కోసం ఎకరం పొలం అమ్ముతానంటున్నారు. తండ్రిగా మీ బాధ నాకు అర్థమవుతుంది కానీ ఆ లెక్కను ఒప్పుకోలేను.

మీకు చెప్పిన ‘నెలకు లక్ష’ సంగతి చూద్దాం. పది టైర్ల కొత్త లారీ, బాడీతో కలిపి 40 లక్షల దగ్గరికి వస్తుందనుకోండి. 8 లక్షలు మీరు కట్టి, 32 లక్షలు ఫైనాన్స్ తీసుకుంటే, 10 శాతం వడ్డీతో 5 ఏళ్లకు నెల కిస్తీ దాదాపు 68 వేలు. డ్రైవర్ జీతం, బత్తా కలిపి 30 వేలు వేసుకోండి. లోడుతో కలిపి 20 నుంచి 40 టన్నుల మధ్య ఉండే ఇలాంటి బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియమే, 2022 జూన్‌లో ఖరారైన రేటు ప్రకారం, ఏడాదికి 43,950 రూపాయలు. సొంత డ్యామేజీ ఇన్సూరెన్సు దానికి అదనం. రాష్ట్రం దాటాలంటే నేషనల్ పర్మిట్ ఫీజు ఏడాదికి 16,500. ఫిట్‌నెస్, మూడు నెలలకోసారి ట్యాక్సు, సర్వీసు సరేసరి. టైర్ల కోసం ప్రతి నెలా కొంత పక్కన పెట్టకపోతే, పది టైర్లూ అరిగిన రోజున 2 లక్షల పైమాటే. ఇవన్నీ నెలకు 20 వేలకు తగ్గవు. అంటే ఒక్క చుక్క డీజిల్ పోయకముందే నెలకు లక్షా పద్దెనిమిది వేలు బయటికి వెళ్లాలి. లారీ నడిచినా, ఫ్యాక్టరీ గేటు ముందు సీరియల్లో నిలబడినా అది తగ్గదు.

ఇక డీజిల్. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ రానూపోనూ 300 కిలోమీటర్లు అనుకుందాం. లోడుతో లీటరుకు 4, ఖాళీగా ఐదున్నర వచ్చినా 65 లీటర్లు తాగుతుంది. అంటే ట్రిప్పుకు 6 వేల పైన. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 లారీలకు పొగలో కాలుష్యం తగ్గించే యూరియా ద్రావణం, అదే యాడ్‌బ్లూ, ఆ ఖర్చు వేరే. పగలు భారీ లారీలను నగరంలోకి రానివ్వరు కాబట్టి పొద్దున చేరినా రాత్రి దాకా ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఆగాలి. హమాలీలు దొరికి దించేసరికి మరుసటి రోజు. రిటర్న్ లోడు దొరికితే అదృష్టం, లేదంటే ఖాళీగా రావాలి. అలా నెలకు ఎన్ని ట్రిప్పులు పడతాయో మీకు ‘లక్ష’ చెప్పినాయన్నే అడగండి. ఆయన చెప్పింది కిస్తీ కట్టకముందు లెక్కా, కట్టిన తర్వాత లెక్కా అని కూడా అడగండి. వానాకాలంలో కట్టుబడి పనులు తగ్గి సిమెంటు లోడ్లు పలచబడినప్పుడు ఆ కిస్తీ ఎలా కట్టారో తప్పకుండా అడగండి.

ఈ మధ్య సెల్‌ఫోన్లో లారీ వీడియోలు బాగా నడుస్తున్నాయి. కొత్త లారీ ముందు కొబ్బరికాయ కొట్టడం, రాత్రి హైవే, డాబాలో భోజనం, చివర్లో ‘ఈ నెల కలెక్షన్ ఇంత’ అని ఒక అంకె. వాటిని చూసి కుర్రాళ్లు మాత్రమే ఉబలాటపడతారనుకునేవాణ్ని. ఇప్పుడు తండ్రులే ఎక్కువగా అడుగుతున్నారు. నా అనుమానం సూటిగా చెబుతాను. లారీ వ్యాపారం చెడ్డది కాదు. మీ మిర్యాలగూడలోనే రైసు మిల్లులూ, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నంతకాలం లారీలకు పని ఉంటుంది. కానీ ఆ పనిలో నిలదొక్కుకున్నవాళ్లను చూడండి. చాలామంది క్లీనర్‌గానో డ్రైవర్‌గానో మొదలుపెట్టి, పదేళ్లు తిరిగి, పాత బండి కొని, దాన్ని నడిపి అప్పు తీర్చినవాళ్లు. లేదా ఇంట్లో అప్పటికే నాలుగు లారీలు ఉన్నవాళ్లు. ఏ డ్రైవర్ ఎక్కడ డీజిల్ దించుతాడో, ఏ చప్పుడు వస్తే గేర్‌బాక్స్ విప్పాలో, ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కిరాయి బాకీ ఎగ్గొడుతుందో వాళ్లకు తెలుసు. లారీ ఎక్కి వంద కిలోమీటర్లు కూడా తిరగని కుటుంబం ఫైనాన్స్ మీద 40 లక్షల బండి కొని డ్రైవర్ చేతికిస్తే, అది ఓనర్షిప్ కాదు. డ్రైవర్ ఫోన్ ఎత్తకపోతే రాత్రంతా నిద్ర లేకుండా కూర్చునే ఉద్యోగం. పైగా మంచి హెవీ డ్రైవర్లు దొరకడం లేదని పాత ఓనర్లే తల పట్టుకుంటున్నారు. ఉన్న మంచి డ్రైవర్ ఒక్క లారీ కొత్త ఓనర్ దగ్గరికి ఎందుకు వస్తాడు?

ఆదాయపు పన్ను లెక్క కూడా ఒకటి చెప్పాలి. పదికి మించి బండ్లు లేనివాళ్లు లెక్కల పుస్తకాలు రాయకుండా అంచనా పద్ధతిలో పన్ను కట్టుకోవచ్చు. 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు వెయ్యి చొప్పున ఆదాయం వచ్చినట్టు లెక్కిస్తారు. పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితి 2018 జులైలో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. అంటే నెలకు 28,500 వచ్చినట్టు. ఇది పన్ను కోసం వేసే అంచనా మాత్రమే. అయినా లక్షకూ దీనికీ మధ్య ఉన్న దూరం చూసుకోండి.

పికప్ లెక్క చిన్నది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 8 లక్షలు ఫైనాన్స్ చేస్తే 11 శాతం వడ్డీతో 5 ఏళ్లకు కిస్తీ 17,400 దగ్గర. మీ అబ్బాయికి ఉన్న మామూలు లైసెన్సు చాలు. 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చి చెప్పింది. లోడుతో కలిపి 3 టన్నులు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. కొన్ని పికప్‌లు ఆ గీతకు కాస్త లోపలే ఉండేలా తయారవుతాయి. థర్డ్ పార్టీ ప్రీమియం అదే 2022 రేటు ప్రకారం ఏడాదికి 16,049. అదే 300 కిలోమీటర్లకు 23, 24 లీటర్లు సరిపోతుంది. తెల్లారేలోపు మార్కెట్లో దించేసి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. ప్రభుత్వ ముద్ర పథకంలో 10 లక్షల వరకు తాకట్టు లేకుండా బ్యాంకు లోను అడగవచ్చు. పొలం కాగితాలు బీరువాలోనే ఉంచండి. 2025 సెప్టెంబరు నుంచి గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అదీ కలిసొస్తుంది. లారీలకూ తగ్గిందిగా అంటారేమో. తగ్గింది, కానీ కిస్తీ మోయగలిగినప్పుడే ఆ తగ్గింపు పనికొస్తుంది.

అయితే పికప్ తీసుకుంటే చాలు, జీవితం సాగిపోతుందని నేను అనను. పికప్ కొనడం సులువు కాబట్టే అందరూ కొంటున్నారు. ప్రతి సెంటర్లో అడ్డా మీద పది బండ్లు కిరాయి కోసం ఎదురుచూస్తుంటాయి. పోటీ పెరిగేకొద్దీ కిరాయి పడిపోతుంది. అందుకే మీ అబ్బాయిని ఒక ప్రశ్న అడగండి, కోపంగా కాదు, పక్కన కూర్చోబెట్టుకుని: ‘నీ బండికి ఫోన్ చేసేవాళ్లు ఎవరు?’ అతను ఏడాదిన్నర నడిపింది ఊరికే పోలేదు. బత్తాయి రైతులు, బాటసింగారం పండ్ల మార్కెట్లో ఏజెంట్లు, మిల్లు గుమస్తాలు, హార్డ్‌వేర్ షాపులవాళ్లు, ఎవరెవరి నంబర్లు ఉన్నాయో, వాళ్లు బండిని పిలిచేది ఓనర్ను చూసా, ఇతన్ని చూసా అన్నది తేలాలి. కాయలు లేని నెలల్లో ఏ లోడు వేస్తాడో కూడా చెప్పగలగాలి. ఇవి చెప్పగలిగితే కొనివ్వండి. తడబడితే ఇంకో ఆరు నెలలు జీతానికే నడపమనండి, కొంపేమీ మునగదు.

ఆన్‌లైన్ డెలివరీ కంపెనీకి బండి అటాచ్ చేస్తే నెలకు గ్యారంటీ ఆదాయమని అతని స్నేహితులు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. కుర్రాళ్లలో ఇప్పుడు ఇదే ఫ్యాషన్. ఒప్పందం కంపెనీతోనా, మధ్యలో వెండర్‌తోనా? గ్యారంటీ ఎన్ని నెలలకు రాసిస్తారు? డబ్బు ఎన్ని రోజులకు వేస్తారు? రోజుకు ఎన్ని కిలోమీటర్లు దాటితే అదనం ఇస్తారు? ఈ నాలుగూ కాగితం మీద చూపించకపోతే ఆ మాట నమ్మి బండి కొనొద్దు. కిస్తీ 60 నెలలది, వాళ్ల కాగితం 6 నెలలదైతే మిగతా 54 నెలలు ఎవరు చూసుకుంటారు?

ఇంకో విషయంలో మాత్రం మీరు అబ్బాయి దగ్గర గట్టిగా ఉండాలి. ఓవర్‌లోడ్. టన్నున్నర, టన్నుంముప్పావు మోసే బండి మీద 3 టన్నులు వేయడం మన దగ్గర మామూలైపోయింది. వెనక పట్టీలు వంగి, ముందు చక్రాలు నేలకు సరిగా ఆనక, బ్రేకు కొడితే బండి ఎటు పోతుందో తెలియని స్థితిలో తెల్లవారుజామున హైవే మీద వెళ్తుంటారు. పట్టుకుంటే కేంద్ర చట్టం ప్రకారం జరిమానా 20 వేలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. జరిమానా కట్టి బయటపడొచ్చు. యాక్సిడెంట్ అయితే కట్టేదేముంటుంది? ఈ ఒక్క విషయంలో మీరు తిట్టినా నేను అబ్బాయి పక్షం రాను.

మీ మీద కూడా కొంచెం కోప్పడాలి, ఏమీ అనుకోకండి. పొలంలో మీరే దున్ని, మీరే నీళ్లు పెట్టి పండించినప్పుడు మిమ్మల్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు కదా. మీ కొడుకు తన బండి తాను నడుపుకుంటే ఎందుకు చిన్నతనం? సంబంధాలు చూసేవాళ్లు అడిగేది అప్పు ఎంత, నెలకు ఎంత మిగులుతుంది, తాగుతాడా అని. కిస్తీ కట్టలేక ఫైనాన్స్‌వాళ్లు సీజ్ చేసిన లారీకి ఓనర్ అంటే ఏ పిల్ల తండ్రీ ముందుకు రాడు. ‘నాకు ఇష్టం లేదు’ అని రాశారే గాని, అబ్బాయి బండి పక్క సీట్లో ఒక్కసారైనా మార్కెట్‌కు వెళ్లారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఒక రాత్రి వెళ్లి రండి. కాయలు ఎలా సర్దుతాడో, దారిలో ఎక్కడ ఆగుతాడో, ఏజెంటు అతనితో ఎలా మాట్లాడతాడో చూసి, ఆ తర్వాత ఇష్టమో కాదో చెప్పండి.

లారీ ఆశ పూర్తిగా వదులుకోమని కూడా అనడం లేదు. 20 ఏళ్లు నిండి, ఏడాదిగా ఎల్ఎంవీ లైసెన్సు ఉన్నవాళ్లు ట్రాన్స్‌పోర్ట్ లర్నింగ్ లైసెన్సుకు అర్హులు. మంచి డ్రైవింగ్ స్కూల్లో నేర్పించి హెవీ లైసెన్సు తీయించండి. పికప్ అప్పు సగం తీరేసరికి అతనికి పాతికేళ్లు వస్తాయి. అప్పటికి లారీ కావాలో వద్దో అతనికే తెలుస్తుంది, ఎకరం అమ్మాల్సిన అవసరమూ రాకపోవచ్చు. 2025 నుంచి కొత్త లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఆ ఉద్యోగం కూడా మునుపటంత కష్టంగా ఉండదు.

చదువు వృథా అయిందా అన్నారు. కాలేదు, ఆ 2 సబ్జెక్టులు వదిలేస్తే మాత్రం అవుతుంది. 2022 చివర్లో తెలంగాణలో 113 అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఆటోమొబైల్ డిప్లొమా ఉన్నవాళ్లూ అర్హులే, కాకపోతే హెవీ లైసెన్సు ఉండాలన్నారు. మీ అబ్బాయికి రెండోది వచ్చే దారి ఉంది, మొదటిది 2 సబ్జెక్టుల దూరంలో ఉంది. ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వలేను. అర్హత చేతిలో ఉంచుకోవడానికి పరీక్ష ఫీజు తప్ప పోయేదేమీ లేదు. కాబట్టి ఈసారి పరీక్షలకు ఫీజు కట్టించండి. అవి రాసేదాకా షోరూము వైపు వెళ్లొద్దని నా మాటగా అబ్బాయికి చెప్పండి. ఈలోగా రోజూ తిరిగిన కిలోమీటర్లు, పోసిన డీజిల్, వచ్చిన కిరాయి ఒక నోట్‌బుక్కులో రాయమనండి. బ్యాంకు మేనేజర్ దగ్గరికి లోను కోసం వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకుని మీరిద్దరూ కలిసి వెళ్లండి.