కోప్పడే ముందు ఒక్క పూట గమనించి చూడు పాపా

చి. పాపకు పెద్దనాయన ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ పెద్దమ్మ మోకాలినొప్పి కొంచెం నయం, నువ్వు తెచ్చిన నూనె రోజూ రాస్తూనే ఉంది.

మొన్న ఆదివారం నువ్వు వచ్చి పోయిన కాడి నుంచి నా ఆలోచన నీ చుట్టూనే తిరుగుతోంది. సంగటి ముందు పెట్టుకుని ముద్ద ముట్టకుండా నువ్వు చూసుకునే ఆ లాడ్జి సంగతే చెప్పావు. గదులు తుడిచేవాళ్లు కళ్లు కప్పుతున్నారని, ఆలస్యానికి యాభై రూపాయలు కోత పెట్టినా లెక్క చెయ్యడం లేదని, ఆటోవాళ్లు యాత్రికులకు లేనిపోనివి చెప్పి తెస్తున్నారని. చివరికి "మనుషులే మంచోళ్లు కాదు పెద్దనాయనా" అన్నావు. అప్పుడు నేనేమీ అనలేదు. తిరుపతి బస్సుకు టైమవుతోంది, నువ్వు అలిసిపోయి ఉన్నావు. కానీ పని మొదలుపెట్టి ఏడాది కూడా నిండని పిల్ల నోట ఆ మాట విని నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఒకప్పుడు నేనూ అదే మాట అనేవాణ్ణి. అందుకే రాస్తున్నా.

ముందు నా సంగతి చెప్తా. ఇది మీ నాయనకు కూడా తెలియదు.

మన ఊరి పాల కేంద్రంలో నేను ఇరవై రెండేండ్లు సెక్రటరీగా చేశాను గదా. మొదట్లో లీటరు లెక్కన డబ్బులు, పాల చిక్కదనం చూపే లాక్టోమీటరు ముంచి చూడటం ఒక్కటే పరీక్ష. నీళ్లు కలిపితే డిగ్రీ పడిపోతుంది. అందుకని కొందరు నీళ్లతో పాటు ఇంత చక్కెర కూడా కలిపేవాళ్లు, డిగ్రీ మళ్లీ లేచేది. నేను వాళ్లను క్యాన్ల దగ్గర నిలబెట్టి పదిమందిలో తిట్టేవాణ్ణి. తిట్లు తిన్నవాళ్లు నాలుగు రోజులు మాని, ఐదో రోజు మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. తర్వాత వెన్న శాతాన్ని బట్టి రేటు వచ్చింది. నీళ్లు పోస్తే లీటర్లు పెరుగుతాయి, శాతం పడిపోతుంది. కలిపినోడికి గిట్టుబాటు లేదు. ఆర్నెల్లలో నీళ్ల గొడవ చాలా మటుకు సద్దుమణిగింది. ఆర్నెల్లలో ఊరి జనం స్వభావం మారిపోదు గదా. అవే ఆవులు, వాళ్లే మనుషులు, డబ్బు కట్టే లెక్క ఒక్కటే మారింది.

ఆ రోజే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. ఆ కొత్త లెక్కలో నాకూ ఒక గిట్టుబాటు దాగుండింది, అది నాకు కనబడలేదు.

ఫ్యాట్ టెస్టు ఎట్లా చేస్తారో చిన్నప్పుడు నా పక్కన నిలబడి చూసేదానివి, గుర్తుందా? ట్యూబులో 10 మిల్లీలీటర్ల యాసిడ్, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఆల్కహాల్ పోసి, బిరడా బిగించి, మిషన్లో పెట్టి తిప్పుతాం. తీసి చూస్తే పసుపు పచ్చగా వెన్న పైకి తేరి నిలబడుతుంది. ఒక్కో చిన్న గీత 0.1 శాతం. తెల్లారక ముందే, గుడ్డి బల్బు కింద, ట్యూబును కంటికి ఎదురుగా ఎత్తి చదవాలి. కొన్నిసార్లు 3.8 మీద స్పష్టంగా నిలుస్తుంది. చాలాసార్లు 3.7కూ 3.8కూ నడుమ ఊగిసలాడుతుంది. అట్లా ఊగినప్పుడల్లా నా చెయ్యి 3.7 అనే రాసేది.

ఎందుకో చెప్తా. ట్యాంకరు పాలకు డెయిరీ కట్టే డబ్బులో రైతులకు ఇచ్చింది పోగా మిగిలేది సంఘానికి మిగులు. ఆ మిగుల్లో ఒక వంతు సెక్రటరీకి బోనసు. మా కేంద్రానికి రోజుకు ఇంచుమించు 400 లీటర్లు వచ్చేవి. అందరికీ 0.1 శాతం తగ్గించి రాస్తే రోజుకు 400 గ్రాముల వెన్న, పదిహేను రోజుల బిల్లుకు ఆరు కిలోలు. ఆ ఆరు కిలోలు ఎవరి ఇంటివో నీకు తెలుసు. ఆ బిల్లు చూసుకుని పిల్లల ఫీజు కట్టేవాళ్లవి. "ఈ రోజు వీళ్ల నోటి కాడిది తీస్తాను" అని నేను ఏనాడూ అనుకోలేదు పాపా. అనుకోకుండానే తీశాను. నన్ను నేను నిఖార్సయిన మనిషిననే అనుకుంటూ ఉండినాను.

కనిపెట్టింది మీ పెద్దమ్మ. పాల పుస్తకాలు సర్దుతూ ఒక రోజు అడిగింది, "మన ఆవుకు, పక్కింటి ఆవుకు ఒకటే మేత, రెండూ ఒకే సంత నుంచి తెచ్చినవి. మన పాలకు గీత ఎప్పుడూ పైకే పోతుంది, వాళ్లది ఎప్పుడూ కిందికే ఎందుకు పోతుంది?" అని. నాకు నోట మాట రాలేదు. మూడు నెలల పుస్తకం ముందర వేసుకుని కూర్చున్నా. మా ఇంటి అంకె ఊగిన రోజుల్లో పైకి, ఊరి అంకెలు కిందికి.

ఇకమీదట నిజాయితీగా ఉంటానని ఒట్టు పెట్టుకోవచ్చు. కానీ ఆ ఒట్టు మీద నాకు నమ్మకం లేకపోయింది, ఎందుకంటే అంతకు ముందు కూడా నేను నిజాయితీగానే ఉన్నాననుకున్నా. అందుకని పద్ధతి మార్చా. ట్యూబు మీద పేరు కాదు, నంబరు ఒక్కటే రాయించాను. చదవడానికి రోజుకొక రైతును కూర్చోబెట్టాను. నాకు బోనసు వద్దు, నెలకింత అని జీతం ఇవ్వండి అని కమిటీకి చెప్పాను. ఇంట్లో డబ్బుకు కొన్నాళ్లు ఇబ్బంది అయ్యింది. మీ పెద్దమ్మ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు నీ లాడ్జికి వద్దాం.

నువ్వు పెట్టిన ఆలస్యం కోత సంగతి ముందు. ఇజ్రాయెల్ దేశంలో హైఫా అనే ఊళ్లో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో ఇదే చేసి చూశారు. 2000లో ఆ వివరాలు బయటికి వచ్చాయి. సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని ఆరు కేంద్రాల్లో జరిమానా పెట్టారు, పది నిమిషాలు దాటితే పది షెకెళ్లు, షెకెల్ అంటే ఆ దేశపు రూపాయి అనుకో. ఆలస్యం తగ్గలేదు, పెరిగి పెరిగి ఇంచుమించు రెట్టింపయ్యింది. అంతకు ముందు టీచరమ్మను కాపు కాయిస్తున్నామే అన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక, డబ్బు కడుతున్నాం గదా అన్న ధైర్యం వచ్చింది. కొన్ని వారాల తర్వాత జరిమానా తీసేసినా ఆ మొహమాటం తిరిగి రాలేదు. నీ దగ్గర జరిగింది కూడా అదే అని నా అనుమానం. యాభై రూపాయలకు అరగంట నువ్వే అమ్ముతున్నావు. తీసేసినంత మాత్రాన వెంటనే సర్దుకోదు, అది కూడా తెలుసుకో. ఆలస్యంగా వచ్చేవాళ్లలో ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో అడిగావా? పుత్తూరు నుంచి వచ్చే ఆమెకు ఆరున్నర బస్సు తప్పితే తర్వాతది ఎప్పుడు? డ్యూటీ ఏడింటికి బదులు ఏడున్నరకు మారిస్తే నీకు పోయేదేంటి?

తుడిచేవాళ్లకు గదికి ఇరవై రూపాయలు ఎక్స్‌ట్రా అని పెట్టావు, దాని సంగతి ఇంకా బాధ. 1902లో వియత్నాంలోని హనోయ్ నగరంలో ప్లేగు భయంతో ఫ్రెంచి దొరతనం వాళ్లు ఎలుకలు పట్టినవాళ్లకు డబ్బు ఇస్తామన్నారు. ఎలుకను తేనక్కరలేదు, తోక చూపిస్తే చాలు. తోకలు గుట్టలుగా వచ్చాయి. కొన్నాళ్లకు ఊళ్లో తోకలేని ఎలుకలు పరుగెత్తడం చూశారు. తోక కోసి వదిలేస్తే అది పిల్లల్ని పెడుతుంది, మళ్లీ తోకలు దొరుకుతాయి. ఊరి బయట ఎలుకల్ని పెంచిన వాళ్లు కూడా ఉండినారు. నువ్వు డబ్బు కట్టింది శుభ్రమైన గదికి కాదు పాపా, తాళం వేసి రిజిస్టరులో టిక్కు పెట్టిన గదికి. వాళ్లు నీకు టిక్కులు తెచ్చి ఇస్తున్నారు. దుప్పటి తిరగేసి పరిచారని అరిచావు చూడు, ఆ దుప్పటి నీ ఇరవై రూపాయల తోక.

అందుకే చెప్తున్నా, ఒక పూట కోపం పక్కన పెట్టి, చేతిలో పుస్తకం లేకుండా, పై అంతస్తు మెట్ల మీద కూర్చో. పని సరిగా చేసినవాడికి ఆ రోజు ఏం మిగిలిందో చూడు. నువ్వు చెప్పిన ఆ చిన్నోడున్నాడే, బాగా తుడుస్తాడు, చురుకు అన్నావు. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో రద్దీ ఎక్కువైనప్పుడు వాడు తన గదులు పన్నెండింటికే ముగించేస్తే ఏం చేశావు? రెండో అంతస్తుకు కూడా పంపాను అన్నావు. నెమ్మదిగా చేసిన వాడు మాత్రం తన అంతస్తులోనే ఉండి టైముకు ఇంటికి పోయాడు. చురుకుగా చేసినందుకు నువ్వు ఇచ్చిన కూలి ఇంకో అంతస్తు. పదిరోజులకు వాడు కూడా నెమ్మది నేర్చుకుంటాడు, అప్పుడు వాడిని కూడా సోమరి అంటావు.

కుళాయి కారుతున్నా ఎవరూ చెప్పరు అన్నావు. చెప్పినోడిని మొట్టమొదట ఏమడుగుతావు? "ఎవరు విరగ్గొట్టారు?" అనే గదా. ఆ ప్రశ్న ఒక్కటి మానేయి. మగ్గు పగిలిందని ముందుగా వచ్చి చెప్పినవాడి జీతంలో పైసా కొయ్యనని అందరి ముందర చెప్పు, చెప్పినట్టే నిలబడు. డబ్బు ఒక్కటే గిట్టుబాటు అనుకోకు. పదిమందిలో తలవంపు లేకపోవడం, ఆఖరి బస్సు దొరకడం, యజమాని కంట పడకుండా పొద్దు గడవడం, ఇవన్నీ మనుషులు కష్టపడి సంపాదించుకునేవే.

ఆటోవాళ్ల విషయంలో నీకు నచ్చని మాట చెప్తా. రైల్వే స్టేషను దగ్గర ముసలి దంపతులను "మీరు చెప్పిన లాడ్జి నిండిపోయిందండీ" అని నీ దగ్గరికి తెచ్చిన డ్రైవరు అబద్ధం ఆడాడు, నిజమే. కానీ ఆ అబద్ధానికి డబ్బు కౌంటరులో నుంచి తీసి ఇచ్చింది నువ్వు. గదికింత అని కమీషన్ ఇస్తూ, నిజం చెప్పి తెమ్మంటే ఎట్లా తెస్తాడు? ఆయన బండి కిస్తీ ఆయనకుంది. కమీషన్ ఆపితే కొన్నాళ్లు గదులు ఖాళీగా ఉంటాయి. ఉండనీ. ఇది నా అభిప్రాయం, మీ ఓనరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే కనీసం ఆ డ్రైవర్లను తిట్టడం ఆపు.

అయితే ఎక్కడా డబ్బు పెట్టకూడదా అంటావేమో. కాదు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఆపేశాక గాజు సీసాల్లో నీళ్లు అమ్ముతున్నారు, సీసా తిరిగి ఇస్తే డిపాజిట్ తిరిగి ఇస్తారు. కావాల్సింది సీసా వెనక్కి రావడం, డబ్బు కట్టింది కూడా దానికే. తోకకు కాదు. నువ్వు కూడా ఇరవై రూపాయలు ఇవ్వాలనుకుంటే, దిగిన యాత్రికులు ఖాళీ చేసేటప్పుడు గదిపై ఫిర్యాదు లేదన్నాకే ఇవ్వు, ఒకరికి కాదు, ఆ అంతస్తు వాళ్లందరికీ కలిపి.

కొన్నింటి జోలికి మాత్రం డబ్బుతో పోవద్దు. చంటిబిడ్డతో వచ్చిన తల్లికి రాత్రి పన్నెండింటికి వేడినీళ్లు కాచి ఇచ్చిందని చెప్పావే, ఆ తుడిచే అమ్మ, ఆమెకు దానికి లెక్కకట్టి డబ్బు ఇవ్వకు. అలిపిరి నుంచి 3550 మెట్లకూ వంగి వంగి పసుపు కుంకుమ పెట్టుకుంటూ పోయే ఆడవాళ్లను చూసే ఉంటావు. మెట్టుకు ఇంత అని ఎవరైనా ఇస్తే వాళ్ల మొహం ఎట్లా మారుతుందో ఊహించు. ఆ అమ్మ పేరు పెట్టి పిలిచి, కుర్చీ వేసి, "నువ్వు చేసింది నేను చూశానమ్మా" అను, చాలు.

అన్నిటికన్నా గట్టిగా అడగాలనుకున్నది ఇది. గదులు నిండినదాన్ని బట్టి నెలాఖరుకు నీకు కొంత వస్తుందని ఆ రోజు మాటల్లో అన్నావు, గుర్తుందా? ఆ మాట నువ్వు తొందరగా దాటేశావు. ఫ్యాన్ పని చెయ్యని గదిని, తలుపు గడియ సరిగా పడని గదిని యాత్రికులకు ఇచ్చే రోజు నీ చెయ్యి ఎటు పోతోంది? నేను నీ మీద నేరం మోపడం లేదు తల్లీ. నా ట్యూబు గుర్తొచ్చి అడుగుతున్నా. నువ్వు చెడ్డదానివి కాకుండానే అది జరగొచ్చు. ఓనరుతో మాట్లాడి ఆ డబ్బును జీతంలో కలిపి ఇమ్మని అడుగు, కొంచెం తక్కువైనా సరే. తగ్గేదానికి నేను ఉన్నా, మొహమాటపడకు.

సంక్రాంతికి వస్తావు గదా. వచ్చేటప్పుడు ఆ కోతల రిజిస్టరు, గదుల టిక్కుల పుస్తకం తీసుకురా. నా పాత పాల పుస్తకాలు అటక మీద ఉన్నాయి, దించి పెడతాను. పెద్దమ్మ చేత కూడా చదివిద్దాం, మనకు కనబడనివి ఆమెకు కనబడతాయి.

ఇట్లు,
పెద్దనాయన