డైమెన్షన్ అంకెల సైజు మారకపోతే: తప్పు టెక్స్ట్ స్టైల్లో ఉంది

ఆటోక్యాడ్ (కంప్యూటర్లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) డైమెన్షన్ స్టైల్లో, అంటే కొలతల అంకెలు, గీతలు ఎలా కనపడాలో చెప్పే సెట్టింగ్‌లో, టెక్స్ట్ హైట్ 2.5 నుంచి 3.5 చేసినా అంకెలు కదలట్లేదన్నారు కదండీ, ఆ డైమెన్షన్ స్టైల్ వాడుతున్న, అక్షరాల ఫాంట్, సైజు పెట్టే టెక్స్ట్ స్టైల్‌ హైట్ 0 కాకుండా ఇంకేదో ఉండి ఉంటుంది. అక్కడ అంకె ఉంటే డైమెన్షన్ స్టైల్ మాట చెల్లదు.

'ఎస్‌టీ' కొట్టి ఎంటర్ చేయండి, ఆ స్టైల్ ఎంచుకుని హైట్ 0 పెట్టి అప్లై నొక్కండి. తర్వాత 'డి' కొట్టి, మాడిఫైలో టెక్స్ట్ ట్యాబ్‌కెళ్లి 3.5 ఇవ్వండి. ఓవరాల్ స్కేల్ (ఈ సైజులన్నిటినీ గుణించే అంకె) 100 అయితే మోడల్లో, అంటే బొమ్మ గీసే చోట, 350 మి.మీ. వస్తుంది, 350 అని మళ్లీ టైప్ చేశారో, అంకెలు గోడలంత అవుతాయి!

రెండు మూడు డైమెన్షన్లు మాత్రం మొండికేస్తే వాటికి విడిగా స్టైల్‌ని కాదనే సెట్టింగ్, అంటే ఓవర్‌రైడ్ ఉన్నట్టే. 'డిమ్‌ఓవర్‌రైడ్' కొట్టి, 'సి' ఇచ్చి, వాటిని సెలెక్ట్ చేయండి. హైట్ 0 పెట్టాం కాబట్టి ఇకపై ఆ స్టైల్లో సింగిల్ లైన్ టెక్స్ట్ రాసినప్పుడల్లా హైట్ అడుగుతుంది, కంగారు పడకండి.