మీ ప్రశ్న, మా జవాబు: మైనింగ్ మెషిన్ కొనేముందు కరెంటు లెక్క వేయండి

ప్రశ్న: మా బావమరిది ఉన్న టెలిగ్రామ్ గ్రూపులో బిట్‌కాయిన్ మైనింగ్‌కు (కంప్యూటర్ లెక్కలతో కొత్త బిట్‌కాయిన్లు సంపాదించడానికి) పనికొచ్చే వాడిన యాంట్‌మైనర్ ఎస్19 మెషిన్ (95 టెరాహాష్, అంటే సెకనుకు ఎన్ని లెక్కలు చేస్తుందో చెప్పే బలం) 70 వేలకు ఇస్తామంటున్నారు. ఇంట్లో పెట్టి నడిపితే ఖర్చులు పోను నెలకు 20 వేలు మిగులుతుందట. మేడ మీద గది ఖాళీగానే ఉంది. సగం డబ్బు ముందే యూఎస్‌డీటీలో (డాలరు విలువతో ముడిపెట్టిన క్రిప్టో నాణెం) పంపమంటున్నారు. కొనమంటారా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దండీ. డబ్బు ఇంకా పంపకపోతే పంపకండి. అమ్మేవాడు మంచివాడా మోసగాడా అన్నది తర్వాత చూద్దాం, ముందు మెషిన్ నిజంగానే మీ ఇంటికొచ్చి చక్కగా పనిచేస్తోందనే అనుకుందాం. ఎస్19 సుమారు 3,250 వాట్లు లాగుతుంది, అదీ రాత్రీపగలూ ఆపకుండా. అంటే రోజుకు 78 యూనిట్లు, నెలకు 2,340. తెలంగాణలో ఇంటి కనెక్షన్‌కు 800 యూనిట్లు దాటితే యూనిట్ 10 రూపాయలు, కాబట్టి మీకు ఇప్పుడొచ్చే బిల్లు మీద ఇంకో 23 వేల దాకా పడుతుంది. ఆంధ్రాలో 400 యూనిట్లు దాటితే 9.75, అక్కడా పెద్ద తేడా లేదు.

ఇప్పుడు రాబడి చూడండి. ప్రపంచం మొత్తం మీద రోజుకు కొత్తగా పుట్టేది సుమారు 450 బిట్‌కాయిన్లే. 2024 ఏప్రిల్‌లో హాల్వింగ్ (రాబడి సగానికి తగ్గడం) జరిగి ఒక్కో బ్లాకుకు (లావాదేవీల కట్టకు) వచ్చేది 6.25 బిట్‌కాయిన్ల నుంచి 3.125కి పడిపోయింది. ఆ 450ని నడుస్తున్న మెషిన్లన్నీ తమ తమ బలాన్ని బట్టి పంచుకుంటాయి. నెట్‌వర్క్ మొత్తం బలం 900 ఎగ్జాహాష్ (ఒక్కో ఎగ్జాహాష్ అంటే పది లక్షల టెరాహాష్), బిట్‌కాయిన్ ధర 80 లక్షలు అని పెట్టుకుని లెక్క వేస్తే మీ మెషిన్ వాటాకు రోజుకు వచ్చేది 380 రూపాయలు, నెలకు 11,400. కరెంటుకు 23 వేలు కట్టి 11 వేలు సంపాదించడం అన్నమాట! ధర రెట్టింపైతే సరిపోతుంది కదా అంటారేమో, ధర పెరిగినప్పుడల్లా ఇంకా ఎక్కువ మెషిన్లు వచ్చి చేరతాయి, దాదాపు రెండు వారాలకోసారి (2,016 బ్లాకులకోసారి) డిఫికల్టీ (లెక్కల కష్టం) మారుతుంది, మీ వాటా మళ్లీ తగ్గుతుంది. కాబట్టి ఈ నెల రాబడిని పన్నెండుతో గుణించి ఏడాదికింత అని ఎవరైనా చెప్తే ఆ లెక్క నమ్మకండి. రేపు మీరు చదివే రోజుకు ధరా, నెట్‌వర్క్ బలమూ వేరేగా ఉండొచ్చు, ఆ రెండంకెలూ మార్చి మళ్లీ మీరే వేసుకోండి.

ఇంటి కనెక్షన్‌ను వ్యాపారానికి వాడుతున్నారని తేలితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో వసూలు చేయొచ్చు, అదొక టెన్షన్. ఇక 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. కొన్న ఖర్చు తప్ప ఇంకేమీ మినహాయించరు, మైనింగ్ సామగ్రికి పెట్టిన డబ్బు కొన్న ఖర్చు కిందకు రాదని ఆర్థిక శాఖ అదే ఏడాది పార్లమెంటులో చెప్పేసింది. అంటే చేతికి నష్టమొచ్చినా పన్ను మాత్రం కట్టాల్సి రావచ్చు. దీని మీద మీ సీఏని తప్పకుండా అడగండి.

గది సంగతి కూడా చెప్పాలి. లాగిన 3,250 వాట్లూ వేడిగానే బయటికొస్తాయి, ఆ వేడిని తీసేయడానికి దాదాపు ఒక టన్ను ఏసీ కావాలి, ఏసీకి మళ్లీ కరెంటు. నాలుగు ఫ్యాన్ల రొద సుమారు 75 డెసిబెల్స్, మేడ మీద పెట్టినా కింద నిద్ర పట్టదు, పక్కింటివాళ్లు వారంలో గొడవకొస్తారు. కరీంనగర్ మే నెల ఎండలో పైకప్పు కింద గదిలో మెషిన్ తనంతట తానే ఆగిపోవడం మామూలే. పైగా 14 ఆంపియర్లు ఆపకుండా లాగితే పాత వైరింగూ, ప్లగ్గులూ కరిగిపోతాయి. పిల్లలున్న ఇల్లైతే మరీ, ఇది తేలిగ్గా తీసుకోకండి.

ఇక అమ్మేవాడి సంగతి. ముందే సగం, అదీ యూఎస్‌డీటీలో పంపితే అది వెనక్కి రాదు, బ్యాంకు కూడా ఏమీ చేయలేదు. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వాళ్లు పంపే వీడియోలో నడుస్తున్నది మీకిచ్చే మెషినే అని గ్యారంటీ లేదు. అయినా కొనే తీరతామంటే మనిషి వెళ్లి చూడాలి. చేత్తో ఎత్తి మెల్లగా ఒంచితే లోపల గలగలమంటే చిప్పుల వేడిని లాగేసే హీట్ సింకులు ఊడాయన్న మాట (ఎస్17, టీ17 మోడళ్లకు ఈ జబ్బు బాగా ఉంది, వాటి జోలికే వెళ్లొద్దు). ఎస్19లో హ్యాష్ బోర్డులు (లెక్కలు చేసే చిప్పుల పలకలు) మూడు ఉంటాయి, మూడూ స్క్రీన్ మీద కనపడాలి. అయిదు నిమిషాలు నడిపి చూపిస్తే చాలదు, కొన్ని బోర్డులు వేడెక్కాకే పడిపోతాయి. మెషిన్ స్క్రీన్ మీది అంకె కాకుండా పూల్ (మైనర్లంతా కలిసి పనిచేసి రాబడి పంచుకునే చోటు) ఖాతాలో 24 గంటల సగటు ఎంతుందో చూడండి. ఫర్మ్‌వేర్ (మెషిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మార్చి కొంత రాబడి తమ ఖాతాకే మళ్లించుకునే వాళ్లూ ఉన్నారు, కొన్నాక కంపెనీ ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించుకోండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడ టెక్సాస్‌లో మెషిన్ కొని వాళ్ల షెడ్డులోనే పెట్టించే హోస్టింగ్ కంపెనీలు చాలా ఉన్నాయి. కరెంటు చవక కాబట్టి గిట్టుతుందా?

జవాబు: కరెంటు చవకైతే లెక్క మారుతుంది, నిజమే. కానీ అక్కడ మీ మెషిన్ మీ చేతిలో ఉండదు. 2022 సెప్టెంబరులో కంప్యూట్ నార్త్ అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ చాప్టర్ 11కి (అమెరికా దివాలా చట్టం కింద రక్షణకు) వెళ్లింది, డిసెంబరులో కోర్ సైంటిఫిక్ వెళ్లింది. అలాంటప్పుడు షెడ్డులో ఉన్నది మీ సొంత ఆస్తి అని రుజువు చేసుకోవాల్సింది మీరే. అందుకని కాంట్రాక్టులో మీ మెషిన్ సీరియల్ నంబర్ రాయించుకోండి, ఎప్పుడైనా తీసుకెళ్లే హక్కు ఉందో లేదో, కరెంటు రేటు మధ్యలో పెంచే వీలు వాళ్లకుందో లేదో చదవండి, మెషిన్ ఆగిన రోజులకు కూడా బిల్లు వేస్తారేమో అడగండి. రాబడి నేరుగా మీ వాలెట్‌కే రావాలి, వాళ్ల ఖాతాకు వచ్చి అక్కడి నుంచి మీకు కాదు.

ఇంకా తయారుకాని మెషిన్‌కు ముందే డబ్బు కట్టమంటే మాత్రం ఆగండి. బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే కంపెనీ అలాగే అడ్వాన్సులు తీసుకుని నెలల తరబడి మెషిన్లు పంపలేదు, కొందరికి పంపేసరికి అవి పనికిరాకుండా పోయాయి. 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెళ్లింది. మైనింగ్‌లో మూడు నెలల ఆలస్యం అంటేనే పెట్టుబడిలో పెద్ద ముక్క పోయినట్టు, ఈ కంపెనీకి ముందే డబ్బు కట్టి నష్టపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు.

ప్రశ్న: మెషిన్ గొడవే లేదు, డబ్బు కడితే వాళ్లే మైనింగ్ చేసి నెలకు 10 శాతం ఇస్తారట, మా ఆఫీసులో ముగ్గురు కట్టారు. – విజయవాడ పాఠకురాలు

జవాబు: సరిగ్గా ఇదే మాటతో గెయిన్‌బిట్‌కాయిన్ నడిచింది. బిట్‌కాయిన్ ఇస్తే క్లౌడ్ మైనింగ్ చేసి నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నారు, కొన్నాళ్లు ఇచ్చారు కూడా, తర్వాత విలువ లేని ఎంక్యాప్ టోకెన్లు అంటగట్టారు. నడిపిన అమిత్ భరద్వాజ్ 2018లో అరెస్టయ్యాడు, 2022లో చనిపోయాడు, సీబీఐ, ఈడీ ఇప్పటికీ ఆ డబ్బు వెంట పడుతున్నాయి. పై లెక్కలో నిజమైన మెషిన్‌కే నెలకు 10 శాతం మిగలడం లేదని చూశారు కదా, వీళ్లకెక్కడి నుంచి మిగులుతుంది? మీ ఆఫీసులో కట్టిన ముగ్గురికీ మొదటి నెల డబ్బు వచ్చిందంటే వచ్చే ఉంటుంది, అది మైనింగ్ నుంచి వచ్చిందనడానికి ఆధారమేదో అడగండి. మీరైతే కట్టొద్దు, వాళ్లను కూడా కట్టిన అసలు సొమ్ము ఇప్పుడే వెనక్కి తీసుకోమనండి.

ప్రశ్న: మైనింగ్‌లో వాడిన గ్రాఫిక్స్ కార్డు గేమింగ్‌కు కొనుక్కోవచ్చా? – విశాఖ విద్యార్థి

జవాబు: చూసి కొంటే పర్లేదు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక చాలా కార్డులు అమ్మకానికొచ్చాయి. ఆర్‌టీఎక్స్ 3080, 3090 లాంటి కార్డుల్లో మెమరీ బాగా వేడెక్కుతుంది, కాబట్టి ఫర్‌మార్క్ లాంటి పరీక్ష ప్రోగ్రామ్ అరగంట నడిపి మెమరీ ఉష్ణోగ్రత చూడండి, ఫ్యాన్లు ఊగుతున్నాయేమో గమనించండి. ఆర్‌ఎక్స్ 580 అయితే బయోస్ (కార్డును నడిపే లోపలి ప్రోగ్రామ్) మార్చి ఉండొచ్చు, అసలు బయోస్ ఎక్కించి ఇమ్మనండి. బిల్లు ఒరిజినల్ అడగండి, సీరియల్ నంబర్‌తో వారంటీ ఇంకా ఉందేమో కంపెనీ సైటులో మీరే చూసుకున్నాక డబ్బివ్వండి.