ముందు బల్ల, ఆ తర్వాతే ప్రెస్సు

చిరంజీవి కిరణ్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. రీలోడింగ్ మొదలుపెడుతున్నాను, ఏ ప్రెస్ కొనమంటావు అని అడిగావు. కాల్చేసిన తూటాల ఖాళీ కేసుల్లో కొత్త ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న టోపీ), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్ళీ నింపుకోవడమే రీలోడింగ్, ఆ పని చేసే చేతి యంత్రమే ప్రెస్. ప్రెస్ గురించి అంత టెన్షన్ పడకు. పేరున్న కంపెనీది ఏ సింగిల్ స్టేజ్ ప్రెస్ (ఒకసారికి ఒక్క పనే చేసేది) తీసుకున్నా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ప్రెస్ మీద బిగించే డైల (కేసును సరిచేసే అచ్చుల) థ్రెడ్ కూడా దాదాపు అన్నిటికీ ఒకటే: 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. రేపు ప్రెస్ మార్చినా డైలు పనికొస్తాయి. చాలామంది తప్పటడుగు వేసేది దాన్ని బిగించే బల్ల దగ్గర. నాలుగు వందల డాలర్ల సామాను తెచ్చి పాత కంప్యూటర్ టేబుల్‌కి తగిలిస్తారు. అందుకే ఈ ఉత్తరమంతా బల్ల గురించే.

దానికన్నా ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. మనం షూటింగ్ రేంజిలో కాల్చుకోవడానికి మనమే నింపుకుంటే అమెరికాలో ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం తయారీదారు లైసెన్సు కావాలి. కాబట్టి "నాకూ ఓ రెండు పెట్టెలు చేసిపెట్టు, డబ్బులిస్తా" అనే స్నేహితులకు ముందే చేతులు జోడించు. మీ స్టేట్‌లో, మీ సిటీలో వేరే షరతులు ఉండొచ్చు, అవి కనుక్కో. అద్దె ఇల్లయితే లీజు కూడా ఓసారి చదువు. ఇంకో మాట: ఇండియాలో తమ్ముడికి వీడియో కాల్‌లో చూపించి వాణ్ణి ఊరించకు. అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

ఇక బల్ల. దానికి రెండే గుణాలు ఉండాలి: కదలకూడదు, దేన్నీ దాచకూడదు.

కదలకూడదు అని ఎందుకంటున్నానో విను. రైఫిల్ కేసును సైజింగ్ డైలోకి ఎక్కించేటప్పుడు హ్యాండిల్ మీద గట్టిగానే బరువు వెయ్యాలి. అప్పుడు బల్ల ముందు అంచు కిందికి దిగాలని చూస్తుంది. హ్యాండిల్ పైకెత్తి కేసును బయటికి లాగేటప్పుడు ఎక్స్‌పాండర్ బాల్ (డై మధ్యనుండే గుండు) కేసు మెడలో పట్టేస్తుంది. ఈసారి అదే అంచు పైకి లేవాలని చూస్తుంది. ఒక్కో కేసుకీ ఇదే తంతు. బల్ల పలచనైతే పలక వంగుతుంది, తేలికైతే మొత్తం బల్లే ముందుకు నడుస్తుంది. సామాను కదలడం ఒక ఇబ్బంది, చేతికి స్పర్శ తెలియకపోవడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. ప్రైమర్ తన పాకెట్‌లో, అంటే కేసు అడుగున ఉన్న గుంటలో, ఎలా కూర్చుందో కంటికన్నా ముందు హ్యాండిలే చెబుతుంది. మెత్తగా జారిపోతే ఆ పాకెట్ వదులైపోయింది, ఆ కేసు పక్కన పడేయాలి. అడ్డం తగిలినట్టుంటే ఆగి చూడాలి. బల్ల ఊగుతుంటే ఈ తేడాలన్నీ ఆ ఊపులోనే కలిసిపోతాయి.

పైపలకకు ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు వెయ్యి. మధ్యలో చెక్క జిగురు మొత్తం పరిచి, కింద నుంచి స్క్రూలు బిగిస్తే ఒకటిన్నర అంగుళం మందం వస్తుంది, అది చాలు. కాళ్ళకు ఫోర్ బై ఫోర్, చట్రానికి టూ బై ఫోర్. కొలతలు గీసేటప్పుడు గుర్తుంచుకో, టూ బై ఫోర్ అన్నది పేరుకే, టేపు పెడితే ఒకటిన్నర బై మూడున్నర ఉంటుంది. ఫోర్ బై ఫోర్ కూడా మూడున్నరే. షాపులో కట్టలో పైనున్నవి తీసుకుని వచ్చేయకు. ఒక్కో కర్రనీ ఒక చివర నుంచి కన్ను పెట్టి చూసి, వంకర ఉన్నవి పక్కన పెట్టు. అక్కడివాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ.

పొడవు నీ ఇష్టం, అయిదారు అడుగులు హాయిగా సరిపోతుంది. లోతు మాత్రం రెండడుగులు దాటనివ్వకు. లోతు ఎక్కువైతే వెనకభాగం అటకలా తయారవుతుంది, ఏ వస్తువు ఎప్పుడు పెట్టామో కూడా తెలియదు. ఎత్తుకు లెక్కకన్నా ఒళ్ళు మంచి కొలత. మీ వంటింటి కౌంటర్ 36 అంగుళాలుంటుంది. దాని ముందు నిలబడి హ్యాండిల్ కిందికి లాగినట్టు చెయ్యి ఆడించు. నడుం వంగుతోందా? అయితే ఇంకో రెండు మూడు అంగుళాలు పెంచు. కూర్చునే చేస్తానంటే 30 దగ్గర మొదలుపెట్టు. నన్నడిగితే నిలబడి చేసేలా కట్టుకుని, పక్కన ఎత్తు స్టూలు ఒకటి ఉంచుకోవడం మేలు.

సొంత ఇల్లయితే గోడకు బిగించు. గోడ లోపలి నిలువు కర్రలు, అంటే స్టడ్లు, మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. బల్ల వెనక చట్రాన్ని కనీసం రెండు స్టడ్లకు లాగ్ స్క్రూలతో (లావుపాటి, పొడుగు స్క్రూలు) పట్టిస్తే ముందుకు నడిచే సమస్యే ఉండదు. పైనున్న వట్టి జిప్సం పలకలో (షీట్‌రాక్) బిగిస్తే మొదటి రోజే ఊడి వస్తుంది. గోడ తొలిచే వీలు లేకపోతే కాళ్ళ అడుగున ఒక అర కొట్టి, దాని మీద బరువు వెయ్యి. బుల్లెట్ల పెట్టెలు ఎలాగూ బరువే, వాటి చోటు అదే. వెనకవైపు ఒక ప్లైవుడ్ ముక్క అడ్డంగా కొడితే పక్కలకు ఊగడం కూడా పోతుంది. గ్యారేజీ నేల తలుపు వైపు కాస్త వాలుగా పోస్తారు, నీళ్ళు బయటికి పోవడానికి. రసమట్టం పెట్టి చూసి కాళ్ళ కింద సర్దు.

ఎక్కువమంది తొందరపడేది ప్రెస్ బిగించే చోట. చట్రం కొట్టక ముందే ప్రెస్‌ను పలక అంచున పెట్టి చూసుకో. దాని బోల్టులు కిందికి దిగే చోట చట్రం కర్ర అడ్డం రాకూడదు, అలాగని దూరంగానూ ఉండకూడదు. కాలికి దగ్గరగా, రెండు అడ్డకర్రల మధ్య పడితే దిట్టంగా ఉంటుంది. హ్యాండిల్ పూర్తిగా కిందికి దించి చూడు. కింద లింకేజీ అంచుకు తగలకుండా తిరగాలి, వాడేసిన ప్రైమర్లు పడే గొట్టానికి దారి ఉండాలి, నీ మోకాలికి చోటుండాలి. హ్యాండిల్ ఉన్న వైపు గోడ గానీ అల్మరా గానీ రాకుండా చూసుకో. అన్నీ కుదిరాక ప్రెస్‌ను క్లాంపుతో కదలకుండా పట్టించి, దాని రంధ్రాల్లోంచే పెన్సిల్‌తో గుర్తుపెట్టు. డ్రిల్లు నిటారుగా దించు. పలక అడుగు చిట్లకుండా కింద ఒక చెక్కముక్క అదిమిపెట్టు. బోల్టు ఇటు నుంచి అటు దాకా దిగాలి. అడుగున వెడల్పు వాషరో, ఇంకా మంచిది ఇనుప పట్టీనో వేసి, నైలాన్ ఉన్న లాక్ నట్టు బిగించు. చెక్క స్క్రూలతో ప్రెస్ నిలబెట్టాలని చూస్తే ఆ లాగుడుకి అవి కొన్నాళ్ళకే వదులైపోతాయి. కొత్తలో నెలకోసారి నట్లు ముట్టుకుని చూడు, చెక్క కాస్త నలిగి సర్దుకుంటుంది.

ఇప్పుడు రెండోది, దాచకూడదు అన్నది. పలకకు లేత రంగు వేయించు. నల్లటి పౌడర్ గింజ పడినా, ప్రైమర్ దొర్లినా ఇట్టే కనిపించాలి. పలకల మధ్య సందు ఉండకూడదు, వెనకా పక్కలా చిన్న బద్ద కొడితే దొర్లిన ప్రైమర్ అక్కడే ఆగుతుంది. కింద కార్పెట్ మాత్రం వద్దే వద్దు. దానిలో దూరిన పౌడర్‌ని, సీసం దుమ్మును ఎవరూ తీయలేరు. ఒలికిన పౌడర్ చిన్న బ్రష్షుతో చేటలోకి ఊడ్చెయ్యి, వాక్యూమ్ క్లీనర్ పెట్టకు.

వెలుతురు దగ్గర పిసినారితనం పనికిరాదు. ఒక లైటు నెత్తిమీద ఉంటే నీ నీడ నీ పని మీదే పడుతుంది. బల్ల పైన అర కొట్టి, దాని కింద ఎల్‌ఈడీ పట్టీ అంటించు. పౌడర్ పోసిన కేసుల్ని గుంటలున్న లోడింగ్ బ్లాక్‌లో వరసగా నిలబెట్టి, బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేసులోకీ తొంగి చూడాలి. కొన్ని పిస్టల్ పౌడర్లు కేసులో సగం కూడా రావు. పొరపాటున రెండోసారి పోసినా పొంగి చెప్పదు. వరసలో ఒక కేసులో మట్టం ఎక్కువగా ఉందని నీ కన్నే చెప్పాలి. ఆ ఒక్కటి తప్పితే తుపాకీ చేతిలోనే పగులుతుంది.

పౌడర్ తూచే తూకాన్ని బల్ల మీద పెట్టకు. గోడకు విడిగా చిన్న అర కొట్టి, కంటి ఎత్తున పెట్టు. ప్రెస్ అదురు దానికి తగలదు, ముల్లు ఏటవాలుగా చూసి తప్పు చదవడం ఉండదు. మనం తూచేది గ్రెయిన్లలో, పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఒక్క గ్రెయిన్‌లో పదో వంతు తేడా పట్టుకోవాలంటే ఏసీ గాలి కూడా అడ్డమే. బల్ల ఎక్కడ వెయ్యాలో తేల్చే ముందు వెంట్ ఎటు ఊదుతోందో చూసుకో.

బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బాయే ఉండాలి, ఆరోజు వాడేది. పని అవగానే పౌడర్ కొలిచి పోసే సాధనం మీది హాపర్‌లో మిగిలింది తిరిగి అదే డబ్బాలో పోసెయ్యి. రాత్రి వదిలేస్తే పొద్దున అదేమిటో ఖాయంగా చెప్పలేవు, పైగా కొన్ని పౌడర్లు ప్లాస్టిక్ హాపర్‌ని తినేస్తాయి. డ్రాయర్లు ఎన్ని పెట్టాలని అడుగుతావేమో. తక్కువ పెట్టు. డ్రాయరుంటే చాలు, లేబుల్ లేనివన్నీ అందులో చేరతాయి.

పౌడర్, ప్రైమర్ల నిల్వ బల్ల కింద పెట్టకు, అవి వేరే చోట ఉండాలి. ఎన్‌ఎఫ్‌పీఏ 495 (అమెరికా అగ్నిభద్రతా సంఘం ప్రమాణం) ప్రకారం ఇంట్లో మనం వాడే స్మోక్‌లెస్ పౌడర్ 20 పౌండ్ల దాకా కంపెనీ డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. అది దాటి 50 దాకా అయితే అంగుళం మందం చెక్కతో చేసిన పెట్టె కావాలి. ప్రైమర్లు 10,000 మించకూడదు. మీ ఊరి ఫైర్ కోడ్ ఇంతకన్నా గట్టిగా ఉంటే అదే పాటించు. తుపాకీ సేఫ్‌లో పెట్టి తాళం వేస్తే భద్రమని అందరికీ అనిపిస్తుంది, అది తప్పు. ఈ పౌడర్ ఆరుబయట అంటుకుంటే భగ్గున మండుతుంది, అదే బిగుతు ఇనప్పెట్టెలో మండితే పీడనం పెరిగి పెట్టే పేలుతుంది. అందుకే లోపలి ఒత్తిడికి తేలిగ్గా విడిపోయే చెక్క పెట్టె మంచిది. పిల్లల చేతికి అందకుండా ఆ గదికి తాళం వేసుకో. ప్రైమర్లను వాటి అట్టపెట్టెలోంచి తీసి సీసాలో పోయొద్దు, కుప్పగా ఉంటే ఒకటి పేలితే అన్నీ పేలతాయి. గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దాని మంటకు బాగా దూరంగా వీటి చోటు చూడు. ఎండాకాలం గ్యారేజీ బాగా వేడెక్కుతుంది కాబట్టి ఇంట్లో చల్లటి పొడి గదే మేలు.

సీసం సంగతి ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పు. వాడేసిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది. కేసులు శుభ్రం చేసే టంబ్లర్ దుమ్ములో మరీ ఎక్కువ. టంబ్లర్‌ను బల్ల మీద కాకుండా, ఇంటి బయట మూత పెట్టి తిప్పు. బల్ల దగ్గర కాఫీ కప్పు, చిప్స్ ప్యాకెట్ ఉండకూడదు. లేచిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కుని, అప్పుడే పాపను ఎత్తుకో. కళ్ళు కాపాడే కళ్ళజోడుకి గోడకు ఒక మేకు కొట్టు, ప్రెస్ హ్యాండిల్ పట్టుకునే ముందు చెయ్యి తగిలే చోట. ఫోనుకి మాత్రం ఏ స్టాండూ బిగించకు, పని మధ్యలో చూపు అటు పోకూడదు.

ఎంత పౌడర్, ఏ బుల్లెట్ అన్న లెక్కలు నన్ను అడగకు. పౌడర్ కంపెనీలు, బుల్లెట్ కంపెనీలు వేసే తాజా మాన్యువల్ కొని, అందులో ఉన్నట్టే చెయ్యి.

ముందు కాగితం మీద బల్ల బొమ్మ గీసి, కొలతలు రాసి నాకు ఫోటో పంపు. ప్రెస్ కూర్చునే చోట చట్రం ఎక్కడ వస్తుందో స్పష్టంగా చూపించు. అది చూసి చెబుతాను, ఆ తర్వాతే కర్ర కొను.

ఇట్లు,
మీ పెదనాన్న